గోల్డ్‌ఫిష్ రాళ్లకు రుద్దుకుంటోంది, ఒక పక్క మొప్ప మూసే ఉంటోంది. ఒంటి మీద మచ్చలు లేవు. ఏ మందు పోయాలి?

కూకట్‌పల్లి_గోల్డీ
మూడడుగుల ట్యాంక్, ఐదు గోల్డ్‌ఫిష్‌లు. రెండు ఒరాండాలు, మూడు మామూలువి. ఈ ఐదింటిలో రెండు దసరా తర్వాత కొత్తగా తెచ్చి కలిపినవి. ఇప్పుడు పెద్ద ఒరాండా ఉన్నట్టుండి ఒంటిని రాళ్లకేసి రుద్దుతోంది. ఎడమ మొప్ప మూసే ఉంటుంది, కుడిదానితోనే ఊపిరి లాగుతోంది. తిండి వేస్తే వస్తుంది, నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది.

షాపతనికి వీడియో చూపిస్తే ‘వైట్ స్పాట్ అన్నా’ అని నీలం మందు ఒక సీసా, పచ్చ మందు ఒక సీసా చేతిలో పెట్టాడు. రెండూ పోస్తూనే ఉన్నాం. తగ్గకపోగా ఇప్పుడు ఐదింటికి ఐదూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒంటి మీద ఎక్కడా మచ్చ లేదు. ఒక చిన్నదానికి మాత్రం మొప్ప మూత మీద వరసగా తెల్ల చుక్కలున్నాయి. ఫొటోలు పెట్టాను. మా పాపకు సమాధానం చెప్పలేక టెన్షన్‌గా ఉంది.

సైనిక్‌పురి_సుబ్బు
వైట్ స్పాటే. హీటర్ 30కి పెట్టు, దొడ్డుప్పు వెయ్యి, వారంలో తగ్గిపోతుంది.

గప్పీ_అత్తయ్య
ఒంటి మీద మచ్చ లేదని ఆయన మొత్తుకుంటుంటే వైట్ స్పాట్ అంటావేం సుబ్బూ. పోస్టు మొత్తం చదివావా, హెడ్డింగ్ చూసి దిగిపోయావా?

సైనిక్‌పురి_సుబ్బు
చదివాను మేడమ్. వైట్ స్పాట్ ముందు మొప్పల్లోనే పట్టొచ్చు, అప్పుడు బయటికి ఏమీ కనపడదు. రుద్దుకోవడం కూడా ఉంటుంది.

నీలిరెక్క
సుబ్బు అన్నదాంట్లో తప్పు లేదు, మొప్పల్లో మాత్రమే ఉండే వైట్ స్పాట్ ఉంటుంది. కానీ రుద్దుకోవడం, మొప్ప మూసుకోవడం, పైకొచ్చి గాలి పీల్చడం... ఈ మూడూ చూసి రోగం పేరు చెప్పేయలేం. వైట్ స్పాట్‌కూ ఉంటాయి, మొప్ప పురుగులకూ ఉంటాయి, నీళ్లలో అమ్మోనియా ఎక్కువైనా ఉంటాయి, క్లోరిన్ నీళ్లు పట్టినా ఉంటాయి.

ఫొటోలో ఆ చిన్నదాని మొప్ప మూత మీద చుక్కలు రోగం కాదు. అది మగ చేప. జత కట్టే కాలంలో మగ గోల్డ్‌ఫిష్‌లకు మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున ఇలాంటి చుక్కలు వస్తాయి. చూడండి, రెండు పక్కలా ఒకేలా వరసగా ఉన్నాయి. వైట్ స్పాట్ అలా వరస కట్టదు, తోక మీదా రెక్కల మీదా ఎక్కడపడితే అక్కడ ఉప్పు రవ్వల్లా ఉంటుంది. షాపతను ఆ చుక్కలు చూసే వైట్ స్పాట్ అని ఉంటాడు.

ఇవి చెప్పండి: నీళ్లు బోరువా, మంజీర కుళాయివా? అమ్మోనియా, పీహెచ్ ఎంత? ఫిల్టర్ ఏది? నీలం సీసా మీద మందు పేరేంటి?

కూకట్‌పల్లి_గోల్డీ
అంటే మావాడు పెళ్లికొడుకన్నమాట. మా పాపకు చెప్తే ఒకటే నవ్వు.

నీళ్లు రెండూ కలిసే వస్తాయండి. అపార్ట్‌మెంట్ సంపులో బోరు, మంజీర ఒకటే. ఎండాకాలంలో ట్యాంకర్ కూడా. నీలం సీసా మీద మెథిలీన్ బ్లూ అని ఉంది. పచ్చదాని మీద లేబుల్ సగం చిరిగిపోయింది, మలకైట్ అని కనపడుతోంది. ఫిల్టర్ లోపల పెట్టే స్పాంజి రకం. టెస్ట్ కిట్ లేదు, ఆర్డర్ పెడతా.

డిస్కస్_పిచ్చోడు
కిట్ వచ్చేదాకా ఆగొద్దు బ్రో. ఇప్పుడే సగం నీళ్లు మార్చు. క్లోరిన్ పోయే చుక్కలు వేసి, అదే వేడి ఉన్న నీళ్లు పొయ్యి. మందులు రెండూ ఆపేయ్. గాలి పంపు ఫుల్లుగా పెట్టు. తిండి రెండు రోజులు బంద్.

సైనిక్‌పురి_సుబ్బు
మందు మధ్యలో ఆపితే రోగం ముదరదా?

నీలిరెక్క
ఏ రోగానికి అన్నది తేలితే కదా మధ్యలో ఆపడం గురించి మాట్లాడేది. ఇంకో సంగతి. మెథిలీన్ బ్లూ చెడ్డ మందు కాదు. ఫంగస్‌కు, చేప గుడ్లకు, అమ్మోనియా నుంచి పుట్టే నైట్రైట్ విషానికి పనికొస్తుంది. కానీ ఫిల్టర్ స్పాంజిలో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉంటుందే, దాన్ని కూడా చంపేస్తుంది. అందుకే దాన్ని విడిగా ఒక టబ్బులో వాడాలి గానీ పెద్ద ట్యాంక్‌లో పోయకూడదు. ముందు ఒక్క చేపకే జబ్బు, మందు పోశాక ఐదింటికీ ఆయాసం. నాకు ఇక్కడే అనుమానం.

పాతబస్తీ_పావురం
భాయ్, నా మాట విను. ముర్గీచౌక్‌లో పావురాలకు, కుక్కలకు పేలు పోయే ఐవర్‌మెక్టిన్ చుక్కలు దొరుకుతాయ్. పురుగేదైనా సఫా. రెండు చుక్కలు చాలు.

మోడరేటర్_మూసీ
దయచేసి ఎవరూ ఇది చేయొద్దు. ఐవర్‌మెక్టిన్ చేపల నరాలను దెబ్బతీస్తుంది. పురుగు చచ్చే మోతాదుకూ చేప చచ్చే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. పావురం భాయ్, మీ పోస్టు తీసేయడం లేదు, కింద ఈ హెచ్చరిక ఉండాలి కాబట్టి.

పాతబస్తీ_పావురం
సరే సాబ్. పావురాలకే ఉంచుకుంటా.

మియాపూర్_మొలీ
ఎందుకొచ్చిన గొడవ, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో పెద్ద బిల్డింగ్ ఉంది కదా, అక్కడికి తీసుకెళ్లండి 😄

నీలిరెక్క
అది జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు. లోపల ఫైళ్లు ఉంటాయి, ఓపీ ఉండదు.

మియాపూర్_మొలీ
మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మనుషులకు చేపతో మందు వేస్తారు. ఇక్కడ చేపకే మందు దొరకట్లేదు, ఏం కాలమో.

కూకట్‌పల్లి_గోల్డీ
కిట్ వచ్చింది. అమ్మోనియా 1, నైట్రైట్ 0.5, పీహెచ్ 8.2. సగం నీళ్లు మార్చిన మర్నాడు చూసిన లెక్కే ఇది. అంతకు ముందు ఎంత ఉండేదో. గాలి పంపు పెట్టాక నాలుగు చేపలు కాస్త కిందికి దిగాయి. పెద్ద ఒరాండా మాత్రం మూలన అలాగే వేలాడుతోంది.

నీలిరెక్క
అనుకున్నదే. పీహెచ్ 8.2 దగ్గర అమ్మోనియా 1 అంటే చిన్న విషయం కాదు. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పలను కాల్చేస్తుంది. పీహెచ్ 7 నుంచి 8కి పోతే ఆ కాల్చే రూపం వంతు దాదాపు పది రెట్లవుతుంది. మన బోరు నీళ్లలో పీహెచ్ ఎలాగూ ఎక్కువే. మీకు స్పాంజి బ్యాక్టీరియా పోయింది, ఐదు గోల్డ్‌ఫిష్‌లు మామూలుగా వదిలే వ్యర్థమే ఇప్పుడు విషమవుతోంది.

రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. లీటరుకు ఒక గ్రాము చొప్పున ఉప్పు కరిగించి వేయండి, నైట్రైట్ రక్తంలోకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. తెలిసినవాళ్ల దగ్గర బాగా నడుస్తున్న ట్యాంక్ ఉంటే వాళ్ల ఫిల్టర్‌లోంచి ఒక స్పాంజి ముక్క అడగండి. వాళ్ల చేపలకు రోగం లేదని మాత్రం చూసుకోండి.

ఇదంతా రెండో జబ్బు. మొదటిది, ఆ ఒరాండా ఎందుకు రుద్దుకుంది అన్నది, ఇంకా అలాగే ఉంది.

సైనిక్‌పురి_సుబ్బు
ఐదు గోల్డ్‌ఫిష్‌లు మూడడుగుల ట్యాంక్‌లో ఎక్కువే కదా. రోగం అందుకే.

గప్పీ_అత్తయ్య
ఇల్లు ఇరుకైతే జలుబు ఒకరి నుంచి ఒకరికి తొందరగా అంటుకుంటుంది గానీ ఇరుకుకు జలుబు పుట్టదు నాయనా.

భీమవరం_బుల్లోడు
ఆక్వేరియాలు నాకు తెలియవండి, మాది చెరువుల లెక్క. కానీ ఈ రుద్దుకోవడం మాకు బాగా తెలుసు. బొచ్చె, రోహు గట్టుకేసి రుద్దుకుంటుంటే ముందు చేప పేను కోసం చూస్తాం. ఆర్గ్యులస్ అంటారు. చదునుగా గుండ్రంగా, పొలుసు మీద అంటుకుని ఉంటుంది, అర సెంటీమీటరు దాకా పెరుగుతుంది. కంటికే కనపడుతుంది, కదులుతుంది కూడా. ఇంకోటి లంగరు పురుగు, పుల్లలాగా ఒంట్లోంచి బయటికి వేలాడుతుంది, చివర రెండు గుడ్ల సంచులు. ఇవి రెండూ లేవని ముందు తేల్చుకోండి. టార్చి లైటు వేసి, రెక్కల మొదట్లో, గొంతు కింద చూడండి.

కూకట్‌పల్లి_గోల్డీ
టార్చి వేసి చూశానండి. పేను లేదు, పుల్ల లేదు. ఒంటి మీద జిగురు మాత్రం మామూలు కన్నా ఎక్కువ, వెలుతురు పక్క నుంచి పడితే పల్చని బూడిద రంగు పొరలా ఉంది.

భీమవరం_బుల్లోడు
అయితే కంటికి దొరకని పురుగేనండి. మావాళ్లైతే రెండు మూడు శాతం ఉప్పు నీళ్లలో కాసేపు ముంచి తీస్తారు. పర్మాంగనేట్ కూడా వాడతాం.

డిస్కస్_పిచ్చోడు
బుల్లోడు గారూ, చెరువు చేప గట్టిది. ఇక్కడ మొప్పలు ఆల్రెడీ అమ్మోనియాకి కాలి ఉన్నాయి. దాని మీద పర్మాంగనేట్ అంటే కాలినచోట కారం చల్లడమే. ఉప్పు ముంచుడు కూడా నీరసంగా ఉన్న చేపకు రిస్కే.

భీమవరం_బుల్లోడు
నేను ఇప్పుడే ముంచమనలేదండి. కోలుకున్నాక సంగతి చెప్పాను. మా దగ్గర ముంచినప్పుడు కూడా చేప పక్కకి ఒరిగితే వెంటనే తీసేస్తాం, గడియారం చూసుకుంటూ కూర్చోం.

ల్యాబ్_శీను
ఆలస్యంగా వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, ఇంట్లో గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. ఇంతసేపూ అందరూ అంచనాలు కడుతున్నారు. మైక్రోస్కోప్ కింద ఒక స్లైడ్ పెడితే పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

స్కూల్ పిల్లల మైక్రోస్కోప్ చాలు. 40 రెట్లు, 100 రెట్లు చూపిస్తే సరిపోతుంది. కోఠిలో సర్జికల్ షాపుల్లో స్లైడ్లు, కవర్ స్లిప్పులు డబ్బాలకు డబ్బాలు దొరుకుతాయి. చేతులు తడుపుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే జిగురు ఊడొస్తుంది. తడి గుడ్డలో చేపను పడుకోబెట్టి, కవర్ స్లిప్ అంచుతో ముందు రెక్క వెనక నుంచి తోక వైపు ఒక్కసారి మెల్లగా గీయండి. పొలుసుకు ఎదురు గీయొద్దు. వచ్చిన జిగురును స్లైడ్ మీద పెట్టి ట్యాంక్ నీళ్లే ఒక చుక్క వేయండి. కుళాయి నీళ్లు వేస్తే క్లోరిన్‌కి పురుగు చస్తుంది, కదలని పురుగును జిగురులో వెతికి పట్టుకోవడం మాకే కష్టం. చేప నీళ్ల బయట అర నిమిషం దాటకూడదు. స్లైడ్ వెంటనే చూడాలి.

లైటు తగ్గించుకుని చూడండి. ఎక్కువ వెలుతురులో ఇవన్నీ అద్దంలా పారదర్శకంగా పోతాయి.

మియాపూర్_మొలీ
శీను అన్నా, ఏది ఎలా ఉంటుందో కూడా చెప్పు. నాలాంటివాళ్లకు గాలి బుడగ కూడా పురుగులాగే కనపడుతుంది.

ల్యాబ్_శీను
గాలి బుడగకు అంచు నల్లగా మందంగా ఉంటుంది, కదలదు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు అందరూ మొదటి వారం బుడగలే రిపోర్టు చేస్తారు.

వైట్ స్పాట్ పురుగు పెద్దది, గుండ్రం, ముదురు రంగు. చుట్టూ వెంట్రుకలు ఆడుతూ మెల్లగా తిరుగుతుంటుంది. లోపల గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకం కనపడితే ఇంక సందేహం లేదు.

ట్రైకోడైనా కూడా గుండ్రమే కానీ లోపల పళ్ల చక్రం ఉంటుంది, గిర్రున తిరుగుతూ పరిగెడుతుంది. కోస్టియా చాలా చిన్నది, 400 రెట్లు కావాలి, మీ స్కూల్ మైక్రోస్కోప్‌లో కష్టం.

ఫ్లూకులు అంటే పొడుగు పురుగులు. సాగుతాయి, ముడుచుకుంటాయి, ఒక చివర కొక్కేలతో పట్టుకుని రెండో చివరతో వెతుక్కుంటాయి. వీటిలో రెండు రకాలు, తేడా తెలియడం ముఖ్యం. తల దగ్గర నాలుగు నల్ల చుక్కలు, అవే కళ్లు, ఉంటే డాక్టిలోగైరస్. ఎక్కువగా మొప్పల్లో ఉంటుంది, గుడ్లు పెడుతుంది. కళ్లు లేకుండా కడుపులో ఇంకో పిల్ల పురుగు, దాని కొక్కేలతో సహా కనపడితే గైరోడాక్టిలస్. అది ఎక్కువగా చర్మం మీద ఉంటుంది, నేరుగా పిల్లల్నే కంటుంది.

గప్పీ_అత్తయ్య
కడుపులో పిల్ల, దాని కడుపులో మళ్లీ పిల్ల అని ఎక్కడో చదివాను. నిజమేనా?

ల్యాబ్_శీను
నిజమే అక్కా. పుట్టకముందే కడుపుతో ఉంటాయి. గైరోడాక్టిలస్ అంత తొందరగా పెరగడానికి కారణం అదే.

కూకట్‌పల్లి_గోల్డీ
మా బావమరిది కొడుకు ఇంటర్ బైపీసీ. వాడి మైక్రోస్కోప్ తెచ్చి చర్మం స్లైడ్ చూశాం. జిగురు, బుడగలు, ఏవో ఆకుపచ్చ దారాలు. పురుగు ఏదీ దొరకలేదు. అంటే పురుగు లేనట్టేనా?

ల్యాబ్_శీను
కాదు. చర్మం స్లైడ్‌లో లేదంటే చర్మం మీద ఆ ఒక్క గీతలో లేదని మాత్రమే అర్థం. మొప్ప పురుగులు చర్మం మీద దొరకకపోవచ్చు. బతికున్న చేప మొప్ప ముక్క తీయడం మాత్రం మీరు చేయొద్దు, రక్తం ఆగదు. మొప్ప మూత కొంచెం ఎత్తి రంగు చూడండి చాలు. ఆరోగ్యంగా ఉంటే ముదురు ఎరుపు.

కూకట్‌పల్లి_గోల్డీ
చూడాల్సిన అవసరం లేకుండా పోయింది. పెద్ద ఒరాండా ఇవాళ పొద్దున పోయింది.

మియాపూర్_మొలీ
అయ్యో. పాపకు చెప్పారా?

ల్యాబ్_శీను
బాధగానే ఉంటుంది గోల్డీ గారూ. కానీ ఇప్పుడు ఈ పోస్టు చదువుతుంటే వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. చేప పోయి గంట దాటలేదంటే మొప్ప తీసి చూడొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చేప చనిపోయాక ఈ పురుగులు కొన్ని వదిలి వెళ్లిపోతాయి, మిగిలినవి చస్తాయి. మొప్ప మూత కత్తెరతో కత్తిరించి, ఒక మొప్ప తీగలోంచి గోరంత ముక్క, ట్యాంక్ నీళ్ల చుక్కలో. అందులో ఏముందో తెలిస్తే మిగిలిన నాలుగూ దక్కుతాయి.

కూకట్‌పల్లి_గోల్డీ
పాపను వాళ్ల అమ్మమ్మ దగ్గరకు పంపి చేశాం. మొప్పలు ఎర్రగా లేవు. అంచుల్లో పాలిపోయి, మధ్యలో జిగురు ముద్ద కట్టి ఉంది. స్లైడ్ కింద మొప్ప వేళ్లు దువ్వెన పళ్లలా వరసగా ఉన్నాయి, వాటి సందుల్లోంచి ఒకటి బయటికి సాగింది. సాగి, ఆగి, ఇటూ అటూ వెతికి మళ్లీ ముడుచుకుంది. తల దగ్గర నాలుగు నల్ల చుక్కలు, రెండు పెద్దవి రెండు చిన్నవి. ఒక్క ముక్కలోనే లెక్కపెడుతూ ఆపేశాం. పిల్లాడు ఫోన్‌ని కంటి గొట్టం మీద పెట్టి వీడియో తీశాడు, లింక్ పెట్టాను.

ల్యాబ్_శీను
డాక్టిలోగైరస్. వీడియో స్పష్టంగా ఉంది, పిల్లాడికి మార్కులు వేయండి.

సైనిక్‌పురి_సుబ్బు
ఒప్పుకుంటున్నా, వైట్ స్పాట్ కాదు. ఉప్పు మాత్రం పనిచేస్తుందని ఇప్పటికీ అంటాను.

ల్యాబ్_శీను
లీటరుకు మూడు గ్రాముల ఉప్పు చాలా సూక్ష్మజీవులకు పనిచేస్తుంది సుబ్బూ, మొప్ప ఫ్లూకు దానికి లొంగదు. బుల్లోడు గారు చెప్పిన గాఢమైన ముంచుడుకు కొన్ని ఊడిపోతాయి, కానీ గుడ్లు ట్యాంక్ అడుగునే ఉంటాయి కదా. చేపను అదే నీళ్లలోకి వదలగానే మళ్లీ ఎక్కుతాయి.

దీనికి మందు ప్రాజిక్వాంటెల్. లీటరు నీళ్లకు 2.5 మిల్లీగ్రాములు. ఫిల్టర్ బ్యాక్టీరియా జోలికి పోదు, మొక్కలకు ఏమీ కాదు. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయండి, లేకపోతే మందును అదే లాగేస్తుంది. ముందు అమ్మోనియా సున్నాకు రానివ్వండి, ఆ తర్వాతే.

కూకట్‌పల్లి_గోల్డీ
ట్యాంక్ ఎన్ని లీటర్లో ఎలా చూసుకోవాలి? షాపులో 120 లీటర్లు అన్నారు.

నీలిరెక్క
షాపు లెక్క వదిలేయండి. అడుగుల్లో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 28.3తో హెచ్చిస్తే లీటర్లు. మీది ఎంత?

కూకట్‌పల్లి_గోల్డీ
3, 1, 1.25.

నీలిరెక్క
106 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, అడుగున రాళ్లు తీసేస్తే 90. మందు 225 మిల్లీగ్రాములు. 600 మిల్లీగ్రాముల మాత్ర అయితే మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. మాత్రలో ప్రాజిక్వాంటెల్ ఒక్కటే ఉండాలి. కుక్కల నట్టల మాత్రల్లో దాంతో పాటు ఇంకో రెండు మందులు కలిపి ఉంటాయి, అవి వద్దు. అక్వేరియం కోసమే అమ్మే పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అదైతే కొలత తేలిక.

డిస్కస్_పిచ్చోడు
ఒక హెచ్చరిక. ఆ పొడి నీళ్లలో ఓ పట్టాన కరగదు, పైన తేలుతుంది. విదేశీ వీడియోల్లో వోడ్కాలో కరిగించి పోస్తారు.

మియాపూర్_మొలీ
చేపకు వోడ్కానా! మంచింగ్‌కు ఏం వేస్తారు?

డిస్కస్_పిచ్చోడు
నవ్వుకోండి గానీ వోడ్కా పోస్తే ట్యాంక్‌లో బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్లు పాలలా అవుతాయి, ఆక్సిజన్ పడిపోతుంది. మూత గట్టి సీసాలో గోరువెచ్చని నీళ్లు, పొడి వేసి చేతులు నొప్పెట్టేదాకా ఊపు బ్రో. అదే చాలు. గాలి పంపు రాత్రింబవళ్లు నడవాలి.

కూకట్‌పల్లి_గోల్డీ
ఒక్కసారి పోస్తే సరిపోతుందా?

ల్యాబ్_శీను
సరిపోదు, అందరూ చేయి జారవిడుచుకునేది ఇక్కడే. మందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. మొదటి డోసు తర్వాత చేప హాయిగా తిరుగుతుంది, తగ్గిందనుకుని వదిలేస్తాం, గుడ్లు పగిలి మళ్లీ మొదలు. అందుకే వారానికోసారి చొప్పున కనీసం మూడు సార్లు, ప్రతి డోసుకు ముందు సగం నీళ్లు మార్చి అడుగు బాగా సైఫన్ చేయాలి (గొట్టంతో చెత్త లాగేయాలి). గుడ్లు రాళ్ల సందుల్లో ఉంటాయి, రాళ్లు మొత్తం తీసేస్తే ఇంకా మంచిది. చలికాలం నీళ్లలో గుడ్లు ఆలస్యంగా పగులుతాయి, డోసుల మధ్య వ్యవధి సరిపోదు. హీటర్ ఉంటే 26 దగ్గర స్థిరంగా పెట్టండి.

భీమవరం_బుల్లోడు
గుడ్ల సంగతి నిజమండి. చెరువుల్లో కూడా పేను మందు కొట్టి వదిలేస్తే మళ్లీ తేలుతుంది. రెండో విడత కొట్టనోడికి మొదటి విడత డబ్బులు కూడా దండగే.

కూకట్‌పల్లి_గోల్డీ
అమ్మోనియా, నైట్రైట్ సున్నాకొచ్చాయి (నీలిరెక్క గారు చెప్పినట్టు మా ఆఫీసులో ఒకాయన స్పాంజి ముక్క ఇచ్చాడు). రాళ్లు తీసేశాం. మొదటి డోసు పోశాం, నీళ్లు కాస్త మబ్బుగా అయి మళ్లీ తేటపడ్డాయి. నాలుగూ తింటున్నాయి. రుద్దుకోవడం ఒకదానికే అప్పుడప్పుడూ కనపడుతోంది. రెండో డోసు తేదీ క్యాలెండర్‌లో పాపే రాసింది.

నీలిరెక్క
మంచిది. మందుల కోర్సు అయ్యాక ఒక స్లైడ్ మళ్లీ చూడండి. ఇకపై కొత్త చేప ఏది తెచ్చినా నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచాకే కలపండి. దసరా తర్వాత వచ్చిన ఆ రెండింటితోనే ఇది వచ్చి ఉంటుందని నా అనుమానం, రుజువు లేదు.

గప్పీ_అత్తయ్య
ఎలాగూ పురుగుల దుకాణం తెరిచారు కాబట్టి నాదీ అడిగేస్తా. ఆడ గప్పీ ఒకటి సన్నబడిపోయింది. వెనక, మలం వచ్చేచోట, రెండు మూడు ఎర్ర దారాలు బయటికొచ్చి ఉన్నాయి. కదలకుండా నిలబడితే ఇంకాస్త బయటికొస్తాయి, ఈదితే లోపలికి పోతాయి. నేనూ ప్రాజిక్వాంటెల్ పోసేదా?

డిస్కస్_పిచ్చోడు
తెల్లగా సాగే మలం అయితే పేగుల్లో హెక్సామిటా (ఒక సూక్ష్మజీవి) అనేవాడిని, మెట్రోనిడజోల్ తిండిలో కలిపి పెట్టమనేవాడిని. డిస్కస్ చేపలకు అదే గోల. ఎర్ర దారాలంటే అది కాదు అక్కా.

ల్యాబ్_శీను
కమలానస్. గప్పీల్లో చూడగానే పోల్చుకోగల పురుగు ఇది, మైక్రోస్కోప్ అక్కర్లేదు. ప్రాజిక్వాంటెల్ దీన్ని ఏమీ చేయదు అక్కా, అది చదును పురుగులకు. ఇది గుండ్రటి పురుగు. దీనికి లెవామిసోల్.

గప్పీ_అత్తయ్య
అది ఎక్కడ దొరుకుతుంది? మెడికల్ షాపులో అడిగితే వింతగా చూశారు.

మియాపూర్_మొలీ
మా ఊళ్లో గొర్రెలకు పట్టే నట్టల మందు అదే అక్కా. పశువుల మందుల షాపులో అడగండి.

ల్యాబ్_శీను
మొలీ చెప్పింది కరెక్టే, కానీ చూసి కొనండి. గొర్రెల మందుల్లో చాలా వాటిలో లెవామిసోల్‌తో పాటు ఆక్సిక్లోజనైడ్ కలిసి ఉంటుంది. అది వద్దు, లెవామిసోల్ ఒక్కటే ఉన్నది కావాలి. లీటరుకు 2 మిల్లీగ్రాములు, ఒక రోజు. ఆ రోజంతా లైటు ఆర్పి ట్యాంక్ మీద గుడ్డ కప్పండి, వెలుతురుకు మందు పాడవుతుంది. మర్నాడు అడుగంతా సైఫన్ చేసి ఎక్కువ నీళ్లు మార్చాలి. ఈ మందు పురుగుకు పక్షవాతం తెప్పిస్తుంది. ఊడి కిందపడినదాన్ని మీరు తీయకపోతే గప్పీలు మళ్లీ తినేస్తాయి. రెండు మూడు వారాలకు ఇంకోసారి. ఒక్క చేపకు కనపడినా ట్యాంక్ మొత్తానికీ పోయాలి.

గప్పీ_అత్తయ్య
నా ట్యాంక్ 45 లీటర్లు, నీలిరెక్క లెక్కలోనే చూశాను. సీసా దొరికింది. మిల్లీలీటర్లలో ఎంత పోయాలి?

ల్యాబ్_శీను
మీకు 90 మిల్లీగ్రాముల మందు కావాలి. సీసా మీద 3 శాతం అని ఉంటే ఒక మిల్లీలీటరులో 30 మిల్లీగ్రాములు, అంటే 3 మిల్లీలీటర్లు. వేరే శాతం అయితే లెక్క మారిపోతుంది. పోసేముందు లేబుల్ ఫొటో ఇక్కడ పెట్టండి అక్కా, వెనక వైపు కూడా.